ఆటోమేటిక్‌గా తయారయ్యే స్లైడ్ టేబుల్‌లో ఖాళీ వరసలు, ఖాళీ కాలమ్‌లు ఎలా పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. పాండాస్ డేటాఫ్రేమ్ (పైథాన్‌లో డేటాను వరసలు, కాలమ్‌లుగా ఉంచే పట్టిక) నుంచి పైథాన్-పీపీటీఎక్స్‌తో (పైథాన్‌లో పవర్‌పాయింట్ ఫైళ్లు తయారు చేసే లైబ్రరీ) వారం వారం స్లైడ్లు తయారు చేస్తున్నారు. ప్రతి స్లైడ్ మీదా మూడు ప్రాంతాల అమ్మకాల టేబుల్ ఒకటి ఉంటుంది. ఒక్కో ప్రాంతం అయ్యాక కాస్త ఎడం కావాలన్నారు పైవాళ్లు. ‘ఈ ఏడాది’, ‘గత ఏడాది’ అంకెల మధ్య సన్నటి ఖాళీ కాలమ్ కూడా అడిగారు. మీరు డేటాఫ్రేమ్‌లోనే ఖాళీ వరసలు దూర్చారు. దాంతో 120 కాస్తా 120.0 అయింది, ఖాళీ గళ్లలో ‘నాన్’ (nan, విలువ లేదని చెప్పే గుర్తు) అని పడింది, ఖాళీ వరస మిగతా వరసలంత లావుగా వచ్చి టేబుల్ స్లైడ్ అంచు దాటిపోయింది.

మొదటి రెండు గొడవలకూ మూలం ఒకటే. మూడోది పూర్తిగా వేరు, దానికి పాండాస్‌తో సంబంధమే లేదు. విడివిడిగా చెప్తాను.

ఖాళీ వరస డేటా కాదండి. అది చూసేవాళ్ల కంటి కోసం వదిలే జాగా. దాన్ని డేటాఫ్రేమ్‌లో పెట్టగానే పాండాస్ దాన్ని డేటాగానే లెక్కేస్తుంది. మామూలు పూర్ణాంకాల కాలమ్‌లో విలువ లేని గడిని చూపించే మార్గం దానికి లేదు, అందుకని కాలమ్ మొత్తాన్ని దశాంశాల రకంలోకి మార్చేస్తుంది. 120.0 అలా వచ్చిందే. ఆ తర్వాత మీ కోడ్ ప్రతి గడినీ అక్షరాల్లోకి మార్చి స్లైడ్ మీద పెట్టింది కాబట్టి, విలువ లేనిచోట ‘నాన్’ అనే మాట అచ్చయింది.

ఈ తప్పు నేనూ చేశాను, అదీ చాలా రోజులు. అప్పట్లో నా స్క్రిప్టులో టేబుల్, గ్రాఫ్ రెండూ ఒకే డేటాఫ్రేమ్ నుంచి వచ్చేవి. టేబుల్ అందంగా ఉండాలని పైనే ఎక్కడో మూడు ఖాళీ వరసలు చేర్చాను. టేబుల్ బాగానే వచ్చింది. పక్క స్లైడ్‌లో గీత గ్రాఫ్ మాత్రం మూడు చోట్ల తెగిపోయింది. మీటింగ్‌లో ఒకాయన ‘ఆ మూడు వారాలూ అమ్మకాలే లేవా?’ అని అడిగారు. నాకు వెంటనే అర్థం కూడా కాలేదు. అదొక్కటే కాదు, ముందు వరసతో పోల్చి తేడా కట్టే లెక్క ఖాళీ వరస తర్వాత ఎగిరిపోతుంది. సార్ట్ చేస్తే ఖాళీలన్నీ కిందికి చేరి కూర్చుంటాయి. కాబట్టి లెక్కలన్నీ అయిపోయి, అంకెలు అక్షరాలుగా మారాక, గడిలో రాయబోయే ముందే ఖాళీల సంగతి చూసుకోవాలి.

అక్కడికక్కడ సర్దుబాటు చాలనుకుంటే ఒక చిన్న కిటుకు ఉంది. ముందు అన్ని అంకెలనూ మీకు కావలసిన తీరులో, అంటే కామాలు, శాతం గుర్తులతో సహా, అక్షరాలుగా మార్చేయండి. ఇండెక్స్‌ను, అంటే వరసల నంబర్లను, 0, 1, 2 అని వరసగా పెట్టండి. మూడో వరస తర్వాత ఖాళీ కావాలంటే 2.5 అనే ఇండెక్స్‌తో అన్ని గళ్లలో ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని '') ఉన్న వరసను జోడించి, ఇండెక్స్ మీద సార్ట్ చేయండి. ఆ వరస వెళ్లి 2కి, 3కి మధ్య కూర్చుంటుంది. అన్నీ అప్పటికే అక్షరాలు కాబట్టి రకం మారే బాధ లేదు, ‘నాన్’ రాదు. ఒక్కసారికి చేసే పనికి ఇది చాలు.

ప్రతి వారం నడిచే స్క్రిప్టుకు మాత్రం నేను వేరే పద్ధతి వాడతాను. టేబుల్ గీసే ముందు ఒక ప్లాన్ రాసుకుంటాను. ప్లాన్ అంటే మామూలు లిస్టే. పై నుంచి కిందికి ఏ వరస ఏమిటో అందులో ఉంటుంది. మీ టేబుల్‌కైతే ఇలా వస్తుంది: పై శీర్షిక, కింది శీర్షిక, డేటా 0, డేటా 1, డేటా 2, ఖాళీ, డేటా 3, డేటా 4, డేటా 5, ఖాళీ, డేటా 6, డేటా 7, డేటా 8, ఖాళీ, మొత్తం. కాలమ్‌లకూ అలాంటిదే ఇంకొకటి: పేరు, ఈ ఏడాది అమ్మకం, లక్ష్యం, తేడా, ఖాళీ, గత ఏడాది అమ్మకం, లక్ష్యం, తేడా. ఇప్పుడు మొదటి లిస్టులో 15, రెండోదాంట్లో 8 ఉన్నాయి కాబట్టి 15 వరసలు, 8 కాలమ్‌ల టేబుల్ ఒకేసారి సృష్టించి, ప్లాన్ చూసుకుంటూ గళ్లు నింపుకుంటూ పోవడమే. ప్లాన్‌లో ‘ఖాళీ’ అని ఉంటే ఆ వరసకు వేరే మర్యాద. డేటాఫ్రేమ్‌ను ముట్టుకునే పనే లేదు.

ఖాళీ ఎక్కడ పడాలో చేత్తో రాయకండి. ప్రాంతం కాలమ్‌ను ఒక వరస కిందికి జరిపి, అసలు కాలమ్‌తో పోల్చండి. తేడా వచ్చినచోట కొత్త ప్రాంతం మొదలైనట్టు, దానికి ముందు ఖాళీ పెట్టాలి. ‘మొత్తం’ వరసకు ముందు ఖాళీని మాత్రం విడిగా చేర్చుకోవాలి. మొదటి వరసకు పైన ఏమీ లేదు కాబట్టి అక్కడ ఎప్పుడూ తేడా వస్తుంది. దాన్ని వదిలేయడం మర్చిపోతే శీర్షిక కిందే ఒక ఖాళీ వరస వచ్చి పడుతుంది. చాలామంది టేబుళ్లలో ఇది చూస్తుంటాను.

ప్లాన్ పద్ధతి వల్ల ఇంకో లాభం ఉంది. పైథాన్-పీపీటీఎక్స్‌లో ఒకసారి టేబుల్ సృష్టించాక వరస గానీ కాలమ్ గానీ చేర్చే సూటి మార్గం లేదు. లెక్క ముందే తెలిస్తే ఆ అవసరమే రాదు. అయితే డిజైన్ వాళ్లు ఇచ్చిన టెంప్లేట్‌లో టేబుల్ ముందే ఉండి, అందులోనే వరసలు పెంచాలంటే తప్పదు, లోపలి ఎక్స్ఎంఎల్‌లో (స్లైడ్ ఫైల్ లోపల రాసి ఉండే ట్యాగుల పాఠంలో) చెయ్యి పెట్టాలి. ఉన్న వరస మూలకాన్ని లోతుగా కాపీ తీసి, కావలసినచోట చేర్చి, అక్షరాలు తుడిచేయాలి. పవర్‌పాయింట్‌లో సేవ్ అయిన టేబుల్ అయితే ప్రతి వరసకూ లోపల ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, కాపీలో అదే సంఖ్య వస్తుంది. దాన్ని మార్చండి, లేదా తీసేయండి. వరసలు చాలా చేర్చాల్సి ఉంటే కింది నుంచి పైకి చేర్చుకుంటూ రండి, లేకపోతే ఒకటి చేర్చగానే మిగతావాటి స్థానాలన్నీ జరిగిపోతాయి.

కాలమ్ చేర్చడం ఇంకా చిరాకు. టేబుల్ మొదట్లో కాలమ్‌ల వెడల్పులు చెప్పే జాబితా ఒకటి ఉంటుంది, అక్కడ ఒకటి చేర్చాలి. ఆపైన ప్రతి వరసలోనూ అదే స్థానంలో ఒక గడి చేర్చాలి. ఏ ఒక్క వరసలో మరిచినా ఫైల్ తెరవగానే పవర్‌పాయింట్ ‘రిపేర్ చేయమంటారా’ అని అడుగుతుంది. కొత్త కాలమ్ పడేచోట పైన కలిపేసిన శీర్షిక గడి ఉంటే, అది ఎన్ని కాలమ్‌ల మీద పరుచుకుందో చెప్పే అంకెను కూడా ఒకటి పెంచాలి, కొత్త గడికి ‘నేను పక్కదానిలో కలిసినదాన్ని’ అనే గుర్తు పెట్టాలి. ఇదంతా చదువుతుంటేనే నీరసం వస్తోంది కదా, అందుకే ముందు ప్లాన్ రాసుకోమనేది.

ఇక మీ మూడో గొడవ. అసలు విషయం ఇక్కడే ఉంది.

మీరు ఖాళీ వరస ఎత్తు 6 పాయింట్లు పెట్టానన్నారు. ఫైల్‌లో అలాగే ఉంది కూడా. స్క్రిప్టుతో మళ్లీ చదివినా 6 అనే చెప్తుంది. తెర మీద మాత్రం 29 పాయింట్ల దాకా కనిపిస్తుంది. ఎందుకంటే పవర్‌పాయింట్‌లో వరస ఎత్తు అనేది కనీస ఎత్తు మాత్రమే. గడిలో ఒక్క అక్షరం లేకపోయినా, రేపు ఎవరైనా టైప్ చేస్తే పట్టేంత చోటు అది అట్టే పెడుతుంది. ఏమీ చెప్పకపోతే ఫాంట్ 18 పాయింట్లు. లైనుకు దాదాపు 1.2 రెట్లు అనుకుంటే 21.6. గడికి పైనా కిందా మార్జిన్ చెరో 0.05 అంగుళం, అంటే రెండూ కలిపి 7.2 పాయింట్లు. మొత్తం 28.8. పవర్‌పాయింట్‌లో కొత్త టేబుల్ పెడితే వచ్చే వరస ఎత్తు ఫైల్‌లో 370840 అని కనిపిస్తుంది. ఆ కొలతలో పాయింటుకు 12700 చొప్పున లెక్కేస్తే 29.2 పాయింట్లు. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉండటం కాకతాళీయం కాదు.

ఇప్పుడు మీ టేబుల్ లెక్క చూడండి. స్లైడ్ ఎత్తు 7.5 అంగుళాలు, 540 పాయింట్లు. పైన టైటిల్, కింద ఫుటర్ పోగా 400 మిగులుతుంది అనుకుందాం. శీర్షికలు 2, డేటా 9, మొత్తం 1, కలిపి 12 వరసలకు 350 పాయింట్లు. అంటే సుఖంగా సరిపోయింది. మూడు ఖాళీ వరసలు పూర్తి ఎత్తుతో వస్తే ఇంకో 88, మొత్తం 438, జారిపోయింది. నిజంగా 6 పాయింట్లే అయితే 18 పెరిగి 368 దగ్గర ఆగేది.

కాబట్టి ఖాళీ వరసలోని ప్రతి గడికీ రెండు పనులు చేయాలి. పైనా కిందా మార్జిన్‌లు సున్నా చేయాలి. ఫాంట్ సైజు 1 పాయింట్‌కు దించాలి. ఇందులో ఒక మెలిక ఉంది. పేరా స్థాయిలో ఫాంట్ సైజు పెడితే పైథాన్-పీపీటీఎక్స్ దాన్ని ఫైల్‌లో రాస్తుంది గానీ పవర్‌పాయింట్ పట్టించుకోదు. గడిలో ఒక స్పేస్ అక్షరాన్ని రన్‌గా (ఒకే ఫాంట్ తీరులో ఉండే అక్షరాల ముక్కగా) చేర్చి, ఆ రన్‌కు 1 పాయింట్ పెట్టండి. దాంతో పాటు పేరా చివర ఉండే గుర్తుకు, అంటే ఎక్స్ఎంఎల్‌లో ‘ఎండ్-పారా-ఆర్‌పీఆర్’ (endParaRPr) అనేదానికి కూడా సైజు 100 అని రాయండి. అక్కడ కొలత పాయింటులో నూరో వంతు, అందుకని 100 అంటే 1 పాయింట్. అప్పుడే వరస మీరు చెప్పిన 6 పాయింట్లకు దిగుతుంది.

‘ప్రతి గడికీ’ అని ఊరికే అనలేదు. వరసలో ఏ గడి ఎక్కువ చోటు అడిగితే వరస ఎత్తు అదే. ఎనిమిదింట్లో ఏడు సరిచేసి ఒకటి వదిలేస్తే ఏమీ చేయనట్టే. నా విషయంలో ఆ వదిలేసిన గడి ఖాళీ కాలమ్‌లోది. ఖాళీ కాలమ్‌ను లూప్‌లో దాటేసి వెళ్లేలా రాసుకున్నాను, ‘అక్కడ రాసేదేముంది’ అని. ఖాళీ వరస, ఖాళీ కాలమ్ కలిసే ఆ ఒక్క గడిలో 18 పాయింట్ల ఫాంట్ అలాగే ఉండిపోయింది. పూట పట్టింది కనిపెట్టడానికి.

ఖాళీ కాలమ్‌కు ఇంత గొడవ లేదు. వెడల్పు 0.1 నుంచి 0.15 అంగుళం చాలు. గడికి కుడి ఎడమ మార్జిన్‌లు చెరో 0.1 అంగుళం ఉంటాయి కాబట్టి వాటిని కూడా సున్నా చేయండి. ఆ వెడల్పును మిగతా కాలమ్‌లలోంచి తగ్గించుకోండి, లేకపోతే టేబుల్ కుడివైపు పెరుగుతుంది. పాండాస్‌లోనే ఖాళీ కాలమ్ పెడదామనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. రెండు ఖాళీ కాలమ్‌లకు ఒకే పేరు, అంటే ఖాళీ పేరు పెడితే, రెండోదాన్ని ‘ఇన్సర్ట్’తో చేర్చేటప్పుడే పేరు ఇప్పటికే ఉందని ఎర్రర్ వస్తుంది. ఆ తనిఖీని తప్పించినా తర్వాత ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. లోపల ‘ఖాళీ1’, ‘ఖాళీ2’ అని ఉంచి, శీర్షిక రాసేటప్పుడు తుడిచేయడం మేలు.

నిజం చెప్పాలంటే నాకు ఖాళీ వరసల కంటే ఖాళీ కాలమ్‌ల మీదే నమ్మకం ఎక్కువ. పైన ‘ఈ ఏడాది’ కింద ఒక గీత, ‘గత ఏడాది’ కింద ఒక గీత ఉన్నప్పుడు ఆ రెండు గీతలూ కలిసిపోకుండా తెగాలి. ఆ తెగిన చోటే చూసేవాడికి ఇక్కడితో ఒకటి అయిపోయింది, ఇంకోటి మొదలైంది అని చెప్తుంది. మధ్యలో సన్న కాలమ్ ఒకటి ఉంటే ఆ పని ఎంత సులువుగా అయిపోతుందో.

రంగుల సంగతి కూడా చూసుకోండి. పైథాన్-పీపీటీఎక్స్ టేబుల్‌కు వరస విడిచి వరస రంగు వేసే స్టైల్ దానంతటదే వస్తుంది. ఖాళీ వరస కూడా ఆ లెక్కలోకి వస్తుంది. దాంతో సన్నటి నీలం పట్టీ ఒకటి తేలుతుంది, దాని తర్వాత రంగుల వరస తారుమారవుతుంది. టేబుల్‌కు అడ్డ పట్టీల సెట్టింగ్ ఆపేసి, కావాలంటే డేటా వరసలకు మీరే రంగు వేయండి. ఖాళీ గళ్లకు ‘ఫిల్ లేదు’ అని పెట్టండి. తెల్ల రంగు వేస్తే తెల్ల స్లైడ్ మీద తేడా తెలియదు గానీ, రేపు ఎవరైనా బ్యాక్‌గ్రౌండ్ మారిస్తే తెల్లటి చారలు బయటపడతాయి. గళ్లకు గీతలు మీరే ఎక్స్ఎంఎల్‌లో రాస్తుంటే, గడి లక్షణాల్లో గీతలు ముందు, ఫిల్ తర్వాత రావాలి. క్రమం తప్పితే మళ్లీ ఆ రిపేర్ ప్రశ్నే.

టేబుల్ రెండు స్లైడ్లకు పంచాల్సి వస్తే వరసల సంఖ్యను బట్టి కోయకండి. ప్లాన్‌లో ప్రతి అంశానికీ ఎత్తు రాసి ఉంచుకోండి: 12 పాయింట్ల ఫాంట్ డేటా వరసకు 22, ఖాళీకి 6, అలా. కలుపుకుంటూ పోయి 400 దాటబోయే చోట కోయండి. కోసిన తర్వాత కొత్త స్లైడ్ ఖాళీ వరసతో మొదలైతే దాన్ని పారేయండి, పాత స్లైడ్ ఖాళీతో ముగిసినా అంతే. వరస ఎత్తును ఫైల్ నుంచి చదివి లెక్కేయొద్దు. అది పైన చెప్పినట్టు అబద్ధం చెప్తుంది.

అసలు ఖాళీ వరస పెట్టకుండానే పని జరిగే దారులూ ఉన్నాయి. గుంపులో చివరి వరసకు కింది మార్జిన్ 6 పాయింట్లు పెంచితే ఎడం వచ్చేసినట్టే. లేదా ఆ వరస కింద స్లైడ్ రంగులోనే 6 పాయింట్ల మందం గీత గీస్తే సరి. గుడ్డివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కు ఖాళీ వరస తగిలితే, వినేవాళ్లకు టేబుల్ అయిపోయిందేమో అనిపిస్తుంది. ఫైల్ బయటివాళ్లకు పంపేదైతే నేను మార్జిన్‌నే వాడతాను. టేబుల్‌ను ఎక్సెల్‌లోకి కాపీ చేసుకునే అలవాటున్న టీమ్‌లో కూడా అంతే, ఖాళీ వరసలు వాళ్ల ఫిల్టర్లను చెడగొడతాయి. మీ దగ్గర రెండూ లేకపోతే సన్న ఖాళీ వరసతో నష్టమేమీ లేదు.

ఇంకో సంగతి. నిజంగా డేటా లేని గడినీ, కావాలని వదిలిన ఖాళీనీ ఒకేలా చూపించకండి. డేటా లేనిచోట చిన్న అడ్డగీత పెట్టండి. లేకపోతే ఒక ఉత్పత్తికి ఆ వారం అంకెలు రాకపోతే, ఆ వరస కూడా మీ ఖాళీ వరసల్లో ఒకటిలా కలిసిపోతుంది.

పైథాన్ కాకుండా ఆర్ (R) భాష వాడేవాళ్లు ఇది చదువుతుంటే, మీ పని చాలా తేలిక. ఫ్లెక్స్‌టేబుల్ ప్యాకేజీలో చూపించాల్సిన కాలమ్‌ల జాబితా ఇచ్చేటప్పుడు డేటాలో లేని పేరు ఒకటి మధ్యలో రాస్తే చాలు, అదే ఖాళీ కాలమ్ అయిపోతుంది. వాటిని సన్నగా, గీతలు లేకుండా చేసే ఫంక్షన్ కూడా అందులోనే ఉంది. లేటెక్‌లో బుక్‌ట్యాబ్స్ ప్యాకేజీ వాడుతుంటే ఖాళీ వరస అక్కర్లేదు, ‘యాడ్‌లైన్‌స్పేస్’ ఆదేశం ఉంది. ఆర్‌లోని నిట్టర్ (knitr) ప్యాకేజీలో కేబుల్ (kable) ఫంక్షన్‌తో బుక్‌ట్యాబ్స్ టేబుల్ తయారు చేసినప్పుడు, అడక్కుండానే ప్రతి అయిదు వరసలకూ ఒక ఎడం వస్తుంది. చాలామంది అది తమ డేటాలో తప్పనుకుని వెతుక్కుంటారు. ‘లైన్‌సెప్’ అనే విలువను ఖాళీగా ఇస్తే పోతుంది. శాస్ (SAS) సాఫ్ట్‌వేర్‌లో ప్రొక్ రిపోర్ట్ వాడేవాళ్లకు ‘స్కిప్’ అనే ఆప్షన్ కనిపిస్తుంది గానీ అది పాత లిస్టింగ్ అవుట్‌పుట్‌లోనే పనిచేస్తుంది. వర్డ్, పీడీఎఫ్ లాంటివాటికి గుంపు తర్వాత కంప్యూట్ బ్లాక్ పెట్టి అందులో ఖాళీ లైన్ రాయాలి. పవర్‌పాయింట్ లోపలే మాక్రో రాసేవాళ్లకైతే వరస, కాలమ్ చేర్చే ఆదేశాలు సూటిగా ఉన్నాయి, కాకపోతే ఎత్తు గొడవ వాళ్లకూ ఇదే.

ముందు ఒక్క స్లైడ్ మీద చేసి చూడండి. అప్పటికీ ఖాళీ వరస లావుగానే ఉంటే కోడ్ వెతక్కుండా, ఆ ఫైల్‌ను పవర్‌పాయింట్‌లో తెరిచి, ఆ వరసలో ఒక్కో గడిలో కర్సర్ పెట్టి పైన ఫాంట్ సైజు ఎంత చూపిస్తోందో చూడండి. ఎక్కడో ఒకదాంట్లో 18 కనిపిస్తుంది.